చల్లగా నడిచి అరిగిపోయిన ఇంజన్: ఒక మారుతి 800 పై ఇంట్లో చేసిన పని

ఈ కేసులోని కారు 1997 నాటి మారుతి 800. కార్బురేటర్ ఇంజన్, నాలుగు గేర్ల బాక్స్. యజమాని హైదరాబాద్ తార్నాకలో ఉంటున్న విశ్రాంత అధ్యాపకులు, మా కాలనీలో అందరికీ ఆయన మాస్టారే. కారు తిరిగిన దూరం మొత్తం కలిపి తొంభై వేల కిలోమీటర్లకు లోపే ఉంది, మీటరును ఎవరూ తిప్పలేదనడానికి ఆయన భద్రంగా దాచుకున్న సర్వీసు బిల్లులే సాక్ష్యం. అయినా ఎక్కుడు రోడ్డు మీద వెనుక నీలిపొగ తెరలా లేస్తోంది, నాలుగైదు వందల కిలోమీటర్లకొకసారి ఇంజన్ ఆయిల్ పోయాల్సి వస్తోంది, మూడో గేరు నుంచి రెండో గేరుకు దించితే కరకరమంటోంది. ఇదే ఇంజన్ ఇంతకు రెట్టింపు దూరం నడిచినా పైభాగం, అంటే హెడ్, విప్పని బండ్లు నగరంలో ఎన్నో చూశాను. కాబట్టి దీన్ని ఎలా బాగుచేయాలన్న ప్రశ్నకంటే ముందు, ఇంత తక్కువ దూరానికే ఇది ఎందుకు అరిగిందన్న ప్రశ్నకు సమాధానం దొరకాలి. ఆ సమాధానం దొరకకుండా కొత్త పిస్టన్లు ఎక్కిస్తే అవి కూడా పాతవాటి దారినే పోతాయి.

నా దగ్గరికి రాకముందు రెండు గ్యారేజీల్లో చూపించారు. ఒకచోట ఫుల్ ఇంజన్ పని, గేర్ బాక్స్ పని కలిపి చేయాలన్నారు. రెండోచోట ఇవన్నీ ఎందుకు, పాత కార్లు విప్పేచోట నుంచి తెచ్చిన ఇంజన్ ఎక్కించేద్దామన్నారు. రెండో సలహా చవకైనదే కాని అందులో ఒక చిక్కుంది. ఇంజన్ నంబరు సిలిండర్లుండే బ్లాకు మీదే చెక్కి ఉంటుంది, ఆర్‌సీలోనూ అదే నంబరు ఉంటుంది. బ్లాకు మారిస్తే ఆ మార్పును ఆర్‌టీఏ కార్యాలయంలో నమోదు చేయించాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు ప్రతి అయిదేళ్లకూ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కనుక, తనిఖీలో నంబరు కలవకపోతే ఉన్న కారు కూడా మూలన పడుతుంది. పైగా తెచ్చే ఇంజన్ లోపల ఎలా ఉందో ఎవరికి తెలుసు? పాత బ్లాకునే నిలబెట్టాలని మాస్టారూ నేనూ ఒక మాట అనుకున్నాం.

విప్పకముందు చూసినవి

ఇంటిదగ్గర పనిచేసేవాళ్లలో చాలామందికి పానా చేతికి రాగానే బోల్టు తిప్పాలనిపిస్తుంది. కాని ఇంజన్ కారులో ఉండి నడుస్తున్నప్పుడు చెప్పే సంగతులు, దించి బల్లమీద పెట్టాక చెప్పదు. పొగనే తీసుకుందాం. రాత్రంతా నిలిచిన బండిని పొద్దున స్టార్టు చేసినప్పుడు ఒక్కసారి నీలిపొగ వచ్చి ఆగిపోతే, వాల్వ్ సీళ్లు ఎండిపోయి, వాల్వు కాడలు కదిలే గైడ్ల వెంట ఆయిల్ కారిందని అనుమానించాలి. యాక్సిలరేటర్ తొక్కి బరువు లాగుతున్నంతసేపూ వస్తే పిస్టన్ రింగుల మీద, సిలిండర్ లోపలి గోడ అయిన బోర్ మీద అనుమానం పడాలి. ఈ బండికి రెండూ ఉన్నాయి, రెండోది ఎక్కువగా ఉంది.

సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో చెప్పే కంప్రెషన్ పరీక్షలో ఒకటో సిలిండర్ 150 పీఎస్ఐ, రెండోది 118, మూడోది 145 చూపించాయి. ప్రతి సిలిండర్‌లో ప్లగ్ రంధ్రం గుండా ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే రెండోది 155 దాటింది, మిగిలిన రెండూ కొద్దిగానే పెరిగాయి. పోసిన ఆయిల్ రింగులకూ గోడకూ మధ్య సందును తాత్కాలికంగా మూసిందన్నమాట. వాల్వులే కారుతుంటే ఆయిల్ పోసినందువల్ల అంత తేడా రాదు. నిర్ధారణ కోసం పిస్టన్‌ను కంప్రెషన్ చివర పైకి తెచ్చి, గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి వదిలాను. ఆయిల్ పోసే మూత తీసి చెవి పెడితే నడిమి సిలిండర్ గాలి క్రాంక్ కేసులోకి బుసకొడుతూ దిగడం స్పష్టంగా వినిపించింది. కార్బురేటర్ దగ్గరా సైలెన్సర్ గొట్టం దగ్గరా చప్పుడు దాదాపు లేదు, రేడియేటర్‌లో బుడగలూ లేవు. అంటే హెడ్ గ్యాస్కెట్ బాగుంది, వాల్వులు పరవాలేదు, రోగం బోర్‌లోనే ఉంది.

అసలు ఆచూకీ మాత్రం వేరేచోట దొరికింది. తార్నాక నుంచి మల్కాజిగిరిలోని మా ఇంటికి బండిని నేనే నడుపుకుంటూ వచ్చాను. ఏప్రిల్ ఎండలో, ఆ ట్రాఫిక్‌లో వచ్చినా టెంపరేచర్ ముల్లు అడుగు గీత నుంచి పెద్దగా లేవలేదు. మీటరు చెడిందేమోనని నీటిని థర్మామీటరుతో చూశాను, మీటరు చెబుతున్నది నిజమే. థర్మోస్టాట్ గూడు మూత విప్పితే లోపల థర్మోస్టాట్ లేదు. ఎన్నో ఏళ్ల కిందట ఎండాకాలంలో బండి ఒకసారి బాగా వేడెక్కిందనీ, అప్పుడు మెకానిక్ 'మన ఎండలకు ఇది అక్కర్లేదు' అంటూ దాన్ని పీకేశాడనీ, ఆ తరువాత వేడెక్కడమన్నది లేదనీ మాస్టారు సంతోషంగానే చెప్పారు.

హైదరాబాద్ గ్యారేజీల్లో ఈ నమ్మకం బలంగా ఉంది. థర్మోస్టాట్ పని ఇంజన్‌ను చల్లబరచడం కాదు, త్వరగా వేడెక్కించి ఆ వేడి దగ్గరే నిలబెట్టడం. అది లేకపోతే స్టార్టు చేసిన క్షణం నుంచే నీరు రేడియేటర్ గుండా తిరుగుతుంది, ఇంజన్ తన అసలు వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. ఈ కారు తిరిగేది తార్నాక నుంచి హబ్సిగూడ కూరగాయల దాకా, బ్యాంకు దాకా, మనవరాలి బడి దాకా. రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాల్లో అది ఒక్కనాడూ సరిగా వేడెక్కి ఉండదు. చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ పూర్తిగా ఆవిరి కాదు, తడిగా గోడలకు పట్టి, అక్కడ ఉండాల్సిన ఆయిల్ పొరను కడిగేస్తుంది. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి చల్లటి గోడమీద చెమ్మగా దిగి, పెట్రోల్‌లోని గంధకంతో కలిసి ఆమ్లమవుతుంది. నేటి బీఎస్-6 పెట్రోల్‌లో గంధకం 10 పీపీఎంకు మించకూడదు, కాని ఈ కారు జీవితంలో సగానికి పైగా అంతకంటే ఎన్నో రెట్లు గంధకమున్న పెట్రోల్‌తోనే గడిచింది.

దీనికి తోడు చోక్, అంటే చల్లటి ఇంజన్ స్టార్టు కావడానికి గాలిని తగ్గించి పెట్రోల్ పాలు పెంచే రేకు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసి చూస్తే, డాష్‌బోర్డు మీది చోక్ గుండీని పూర్తిగా లోపలికి నెట్టినా కేబుల్ తుప్పు వల్ల చోక్ రేకు పూర్తిగా తెరుచుకోకుండా కొంచెం వాలి నిలబడుతోంది. ప్లగ్గులు మూడూ మసిపట్టి నల్లగా ఉన్నాయి. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే పెట్రోల్ వాసన ముక్కుకు తగిలింది. ఎయిర్ ఫిల్టర్ మాత్రం కొత్తది, దాని కూర్పులో సందులేవీ లేవు. ఫిల్టర్ తప్పించుకుని దుమ్ము లోపలికి పోయివుంటే కథ వేరుగా ఉండేది.

గేర్ బాక్స్ విషయంలోనూ విప్పకముందే ఒక సంగతి తేల్చుకోవాలి: కరకర సింక్రో రింగులదా (గేరు పడేముందు వేగాలను సమం చేసేవి అవే), క్లచ్ పూర్తిగా విడవకపోవడం వల్ల వచ్చేదా? దీనికి రివర్స్ గేరే మంచి పరీక్ష, ఎందుకంటే దానికి సింక్రో ఉండదు. ఇంజన్ నడుస్తుండగా క్లచ్ అడుగుదాకా తొక్కి, కొన్ని క్షణాలు ఆగి రివర్స్ వేస్తే చప్పుడు లేకుండా పడింది. కాబట్టి క్లచ్ విడుస్తోంది, తప్పు రెండో గేరు సింక్రోది. క్లచ్ కేబుల్ సరిచేస్తే పోయే చప్పుడుకు గేర్ బాక్స్ విప్పించుకున్న కార్లు చాలానే ఉన్నాయి కనుక ఈ పరీక్షను ఎప్పుడూ వదలను.

దించడం

బానెట్, రేడియేటర్, కార్బురేటర్, వైర్లు, కేబుళ్లు, డ్రైవ్ షాఫ్టులు తీశాక ఇంజన్, గేర్ బాక్స్ కలిపే పైకి లేపాను. దీని గురించి ఎక్కువ చెప్పను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి: పోర్టికో శ్లాబుకున్న కొక్కెం ఫ్యానుకోసం పెట్టినది, దానికి చైన్ పుల్లీ తగిలించి ఇంజన్ వేలాడదీయకూడదు. లావుపాటి ఇనుప గొట్టాల ముక్కాలి స్టాండు అద్దెకు దొరుకుతుంది. తీసిన ప్రతి వైరుకూ టేపు చుట్టి పేరు రాయడం, ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయడం విసుగ్గా అనిపించినా బిగించే రోజున అవే దారి చూపిస్తాయి.

కొలతలు, బాలానగర్‌లో వాదన

ఈ ఇంజన్ అసలు బోర్ 68.5 మి.మీ., స్ట్రోక్ 72 మి.మీ., మూడు సిలిండర్లు కలిపి 796 సీసీ. ప్రతి బోర్‌ను మూడు ఎత్తుల్లో, ప్రతి ఎత్తులో రెండు దిశల్లో బోర్ డయల్ గేజ్‌తో కొలవాలి: క్రాంక్ షాఫ్ట్ పొడవు వెంట ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. పై రింగు ఆగి వెనుదిరిగే చోట అరుగు ఎక్కువగా ఉంటుంది, రింగులు చేరని అడుగు భాగం దాదాపు పుట్టినప్పటి కొలతలోనే ఉంటుంది.

నడిమి బోర్‌లో పైన, క్రాంక్‌కు అడ్డదిశలో 68.66 వచ్చింది, అడుగున 68.53. అంటే పైకీ అడుగుకూ ఉన్న తేడా, టేపర్, 0.13. ఈ తరగతి ఇంజన్లకు టేపర్ 0.10 దాటితే గోడను తొలిచి బోర్ పెంచడం, అంటే బోరింగ్, తప్పదు. ఒకటి, మూడు సిలిండర్లు 0.08 లోపే ఉన్నాయి, కాని మూడింటికీ పిస్టన్లు ఒకే సైజులో ఉండాలి కనుక వాటికీ బోరింగ్ చేయించాల్సిందే. గోడలు అద్దంలా మెరుస్తున్నాయి, రాయితో పట్టించిన సన్నటి హోనింగ్ గీతలు పూర్తిగా మాయమయ్యాయి, పిస్టన్ల కింది భాగమైన స్కర్టుల మీద నిలువు గీతలు లేవు. దుమ్ము తిన్న ఇంజన్‌లో పిస్టన్ స్కర్టు గరుకు కాగితంతో రుద్దినట్లు బూడిదరంగులో గీతలుపడి ఉంటుంది. ఇక్కడ అది లేకపోవడంతో, పెట్రోల్ కడిగి అరిగిన గోడలే ఇవన్న అనుమానం బలపడింది.

బోరింగ్ ఇంట్లో అయ్యే పని కాదు. బ్లాకును బాలానగర్‌లో నేను ఎప్పుడూ వెళ్లే బోరింగ్ షాపుకు తీసుకెళ్లాను. అక్కడి ఉస్తాద్ చేతిపని మీద నాకు గురి ఉంది. ఆయన నా కొలతల కాగితం చూసి, "పాతిక సైజుకే ఎక్కిద్దాం సార్, మళ్లొకసారికి మెటల్ ఉంటది" అన్నాడు. పాతిక అంటే 0.25 మి.మీ. ఓవర్‌సైజు. 68.66 దాకా అరిగిన బోర్ 68.75 చేస్తే శుభ్రమవుతుందిగదా అన్నది ఆయన లెక్క, పైకి సబబుగానే కనిపిస్తుంది.

నా లెక్క వేరు. గేజ్ వ్యాసాన్ని చెబుతుందే కాని అరుగు ఏ గోడవైపు పడిందో చెప్పదు. పేలుడు దెబ్బకు పిస్టన్ కిందికి వచ్చేటప్పుడు కనెక్టింగ్ రాడ్ వాలి ఉంటుంది కనుక అది పిస్టన్‌ను ఒక గోడకే నొక్కుతుంది. కాబట్టి 68.5 నుంచి 68.66 దాకా పడిన 0.16 అరుగులో ఎక్కువ భాగం ఆ ఒక్క వైపే ఉండవచ్చు. అసలు కేంద్రం చుట్టూ 68.75కు తొలిస్తే ప్రతి గోడనుంచీ పోయేది 0.125 మాత్రమే, కాబట్టి 0.16 లోతు అరిగిన గోడకు పనిముట్టు తగలనే తగలదు. తగిలించాలంటే కేంద్రాన్ని అరిగిన వైపుకు జరపాలి, అలా జరిపితే బోర్ క్రాంక్ షాఫ్ట్‌కు సూటిగా ఉండదు. వాదించుకుంటూ కూర్చోకుండా, అడుగున అరగని భాగాన్ని ఆధారంగా చేసుకుని కేంద్రం పట్టి, నడిమి బోర్ ఒక్కదాన్ని 68.70 దాకా తొలచమన్నాను. తొలిచాక టార్చి వేసి చూస్తే గోడంతా తెల్లగా మెరుస్తుండగా, పైన ఒక పక్క బొటనవేలి గోరంత మేర నల్లటి నెలవంక మచ్చ పనిముట్టు తగలకుండా మిగిలిపోయింది. దానిమీద వేలు పెట్టి తడిమి ఉస్తాద్ ఏమీ అనకుండా యాభై సైజుకు మిషన్ సరిచేశాడు.

0.50 ఓవర్‌సైజుతో బోర్ 69 మి.మీ. అవుతుంది, ఇంజన్ 808 సీసీ దాకా పెరుగుతుంది. ఆ పెరుగుదల నడిపేవాళ్లకు తెలిసేది కాదు. తెలియాల్సిందేమిటంటే ఈ బ్లాకుకు ఇదే చివరి సైజు, దీని తరువాత బోర్లలో కొత్త గొట్టాలు, అంటే స్లీవులు, వేయించడమొక్కటే దారి. తుది కొలతకు తొలిచే ముందే రాణిగంజ్‌లో పిస్టన్ కిట్ కొని షాపులో ఇవ్వాలి. డబ్బా మీద సైజు ఒకటే రాసి ఉన్నా మూడు పిస్టన్లూ మైక్రోమీటరులో ఒక్కలా ఉండవు. అందుకే ఒక్కొక్క పిస్టన్‌కు నంబరు వేసి, దాని కొలతకు డబ్బాపై ముద్రించిన క్లియరెన్స్ కలిపి ఆ బోర్‌ను ఆ పిస్టన్‌కే హోన్ చేయించాను. చివరి కొన్ని వందోవంతుల మి.మీ. హోనింగ్‌తోనే తీయాలి, గీతలు ఒకదానినొకటి దాదాపు 45 డిగ్రీల కోణంలో కోసుకోవాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే.

కడగడం

షాపునుంచి తెచ్చిన బ్లాకును పెట్రోల్‌తోనో డీజిల్‌తోనో తుడిచి బిగించేయడం మామూలుగా జరిగే పని. హోనింగ్ రాయి నుంచి రాలిన రవ్వ ఆ గీతల్లో కూరుకుని ఉంటుంది. డీజిల్ ఆయిల్ మరకను కరిగిస్తుందే కాని రవ్వను పైకి లేపదు, ఇంకా లోపలికి తోస్తుంది. వేడినీళ్లు, బట్టల సబ్బుపొడి, గట్టి కుంచె బ్రష్, ఇవే దానికి మందు. పెరట్లో బ్లాకును బల్లమీద పెట్టి, నురగ నల్లబడడం మానేదాకా తోమి, ఆయిల్ దారులన్నింటిలో సన్నటి సీసా బ్రష్‌లు దూర్చి, నీళ్లు ధారగా వదిలాను. కంప్రెసర్ గాలితో ఆరబెట్టిన వెంటనే తెల్లటి నూలుగుడ్డను ఇంజన్ ఆయిల్‌లో ముంచి బోర్‌ను తుడవాలి. మొదటిసారి గుడ్డ బూడిదరంగులో వస్తుంది. శుభ్రమైందని మనం నమ్మిన గోడే అది. గుడ్డ ఆయిల్ రంగులోనే తిరిగి వచ్చేదాకా సబ్బునీళ్లూ గుడ్డా మార్చి మార్చి కానివ్వాలి. ఆపై ఆలస్యం చేయకుండా ఆయిల్ పట్టించాలి. ఒట్టి పోత ఇనుము నిమిషాల్లో తుప్పు పొడ చూపిస్తుంది.

బ్లాకులో నీరు తిరిగే జాకెట్లలోంచి సుద్దలాంటి పొక్కులు చేతులకొద్దీ రాలాయి. మాస్టారి ఇంట్లో బోరు నీళ్లు, రేడియేటర్‌లో ఏళ్లతరబడి పోసింది అవే. మొదట బండి వేడెక్కడానికి కారణం ఇక్కడ తేలింది: రేడియేటర్ గొట్టాలు సున్నంతో మూసుకుపోయాయి, ఆ నేరాన్ని థర్మోస్టాట్ మీద మోపారు. రేడియేటర్ విప్పించి కడ్డీలు తోలించాను. బ్లాకు రంధ్రాలను మూసే రేకు బిళ్లలు, వెల్ష్ ప్లగ్గులు, తుప్పుపట్టి ఉంటే మార్చాను.

క్రాంక్, హెడ్

క్రాంక్ షాఫ్ట్ పెద్దగా శ్రమపెట్టలేదు. బేరింగుల్లో తిరిగే దాని జర్నల్స్ కొలతలో ఉన్నాయి, గుండ్రదనంలో తేడా (ఓవాలిటీ) లెక్కలోకి రానంత. పెట్రోల్ కలిసి పలచబడిన ఆయిల్ వల్ల షెల్ బేరింగుల పూత అక్కడక్కడ లేచింది. పాలిష్ పట్టించి స్టాండర్డ్ షెల్సే వేసి, నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే ప్లాస్టీగేజ్ తీగ పెట్టి బిగించి విప్పి చూస్తే సందు 0.04 దగ్గర వచ్చింది. జర్నల్ వ్యాసంలో ప్రతి మి.మీ.కు 0.001 అన్న పాత లెక్కకు అది సరిపోయింది.

హెడ్ మీద స్టీలు పట్టీ నిలిపి ఫీలర్ గేజ్ దూర్చితే నడిమి సిలిండర్ దగ్గర 0.07 వంపు కనిపించింది. ఎన్నడో వేడెక్కిన రోజు మిగిల్చిన గుర్తు అది. అల్యూమినియం హెడ్‌కు 0.05 దాటితే వదలకూడదు కనుక, వంపు పోయేంత మాత్రమే తేలిగ్గా గీయించాను. గైడ్లు పరవాలేదు, సీళ్లు రాయిలా బిగుసుకుపోయాయి, అన్నీ మార్చాను. వాల్వులను పేస్ట్ పెట్టి ఇంట్లోనే రుద్దాను. హెడ్‌ను తలకిందులు చేసి గదుల్లో పెట్రోల్ పోసి రాత్రంతా ఉంచితే పోర్టుల వైపు చుక్క కూడా దిగలేదు.

కూర్పు

కొత్త రింగును పిస్టన్‌కు ఎక్కించే ముందు ఒట్టి రింగునే బోర్‌లో దించి, పిస్టన్ తలతో సమంగా తోసి, కొనల మధ్య సందు కొలవాలి. బోర్ వ్యాసంలో ప్రతి మి.మీ.కు 0.003 నుంచి 0.004 ఉండాలన్నది పై రింగుకు నేను పాటించే లెక్క. 69 మి.మీ. బోర్‌కు అది 0.21 నుంచి 0.28 దాకా వస్తుంది. రెండు సిలిండర్లలో సరిపోయింది, ఒకదాంట్లో 0.16 మాత్రమే వచ్చింది. సందు తక్కువైతే వేడికి రింగు పెరిగి కొనలు ఒకదానితో ఒకటి ఢీకొని గోడను చీలుస్తుంది, ఎక్కువైతే కాస్త గాలి కారుతుంది, అంతే. అందుకే సన్నటి ఆకురాయితో ఒక్క కొననే, బయటి అంచునుంచి లోపలికి మాత్రమే రాకాను. రింగుమీద గుర్తు చెక్కిన ముఖం పైకి ఉండాలి, రింగుల కొనలు ఒకే గీతమీదకు రాకుండా చూడాలి, పిస్టన్ తలమీది బాణం క్రాంక్ పుల్లీ వైపు ఉండాలి.

హెడ్ బోల్టులను నడిమినుంచి అంచులకు, మాన్యువల్‌లోని టార్క్‌ను మూడు విడతలుగా పంచుకుని బిగించాను. టైమింగ్ బెల్టు, టెన్షనర్ కొత్తవి. వాల్వుల దగ్గరి టాపెట్ సందును చల్లటి ఇంజన్ మీద 0.15కు పెట్టాను. కార్బురేటర్ విషయంలో ఈ కాలపు జాగ్రత్త ఒకటుంది: ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, 1997 నాటి రబ్బరు దానికి తట్టుకునేలా చేసింది కాదు. పెట్రోల్ గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేసి, కార్బురేటర్ కిట్ మొత్తం మార్చాను. చోక్ కేబుల్ కొత్తది వేసి, గుండీ నెట్టినప్పుడు రేకు నిటారుగా నిలుస్తోందా అని కళ్లతో చూశాకే ఫిల్టర్ పెట్టె మూశాను.

థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లు మరిగించి పరీక్షించాను. 82 అని ముద్ర ఉన్నది ఆ దరిదాపుల్లోనే కదిలింది. బిగించాక గూడు బోల్టుల తలల మీద ఎర్ర పెయింట్ గీత పెట్టాను. మరెవరైనా విప్పితే గీత తెగుతుంది, మాస్టారికి తెలుస్తుంది.

గేర్ బాక్స్

డ్రెయిన్ ప్లగ్ తీయగానే ఘాటైన గంధకపు వాసన వచ్చింది. పాత బిల్లుల్లో వెతికితే కారణం దొరికింది: ఎవరో జీఎల్-5 తరగతి ఆయిల్ పోశారు. అది చిక్కటిదీ ఖరీదైనదీ కనుక మంచిదే అనుకుని ఉంటారు. జీఎల్-5 లారీల వెనుక ఇరుసులోని హైపాయిడ్ పళ్లకోసం తయారైనది, తీవ్రమైన ఒత్తిడిని తట్టుకునే రసాయనాలు అందులో జీఎల్-4కు దాదాపు రెట్టింపు ఉంటాయి. సింక్రో రింగుకు కావాల్సింది మాత్రం దీనికి పూర్తిగా వేరు. అది ఇత్తడి శంకువు, దాని లోపలి సన్నటి గాళ్లు ఆయిల్ పొరను కోసి గేరు శంకువును పట్టుకోవాలి, ఆ పట్టుతో గేరు వేగాన్ని, జరిగి దాన్ని పట్టుకునే పళ్ల కంకణం, అంటే స్లీవు, వేగానికి సమం చేయాలి. ఆయిల్ మరీ జారుడైతే రింగుకు పట్టు దొరకదు, వేగాలు కలవకముందే స్లీవు పళ్లమీదికి వస్తుంది. మనకు వినిపించే కరకర అదే.

రింగును గేరు శంకువు మీద పెట్టి, చేత్తో నొక్కి తిప్పి చూస్తే మంచి రింగు బిగుసుకుంటుంది. మూడో గేరు రింగు వేళ్లకు ఎదురు తిరిగింది, రెండో గేరు రింగు నున్నగా జారిపోయింది. ఫీలర్ గేజ్‌తో రింగుకూ గేరు పళ్లకూ మధ్య సందు చూస్తే మిగిలినవి 0.9 నుంచి 1.1 దాకా ఉన్నాయి, రెండోది 0.4. అది 0.5కు తగ్గితే పనికిరాదు. రెండో గేరుకు స్లీవు పట్టుకునే కుక్కపళ్ల (డాగ్ టీత్) కొనలు కొద్దిగా మొద్దుబారాయి కాని విరగలేదు, గేరు మార్చేంత అవసరం కనిపించలేదు. ఈ బాక్స్‌ను ఎవరూ మళ్లీ మళ్లీ విప్పరు కనుక నాలుగు రింగులూ మార్చాను. స్లీవు, అది జరిగే హబ్, ఏ పన్ను ఏ గాడిలో ఉండేదో ముందే మార్కర్‌తో గుర్తుపెట్టి అదే జతలో కూర్చాను, ఎందుకంటే అవి ఒకదానికొకటి అలవాటుపడి అరిగినవి.

సెలెక్టర్ కడ్డీలు లాగేటప్పుడు స్ప్రింగుల మీది ఉక్కు గోలీలు ఎగిరిపోతాయి. తీసేచోట ఒక గుడ్డ కప్పి పట్టుకోవడం తప్ప దానికి ఉపాయం లేదు. బేరింగులను డీజిల్‌లో కడిగాక చేత్తో మెల్లగా తిప్పి చూడాలి, కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పకూడదు. ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు ఒకటే గరుకుగా తగిలింది, మార్చాను. డిఫరెన్షియల్ జోలికి పోలేదు. ఇన్‌పుట్ షాఫ్ట్, డ్రైవ్ షాఫ్ట్ ఆయిల్ సీళ్లు కొత్తవి. క్లచ్ ప్లేటు రివిట్ల దాకా అరిగి ఉండడంతో ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగుతో సహా మార్చాను. ఆయిల్ జీఎల్-4, 80డబ్ల్యూ-90.

స్టార్టు, రన్నింగ్ ఇన్

ప్లగ్గులు తీసి, ఆయిల్ దీపం ఆరేదాకా సెల్ఫ్ కొట్టి, ఆ తరువాతే ప్లగ్గులు బిగించాను. కొత్త ఇంజన్‌ను గంటల తరబడి ఐడిల్‌లో ఉంచితే రింగులు కుదురుకుంటాయన్న మాట తరచూ వినిపిస్తుంది, అది రింగులకు చేటే చేస్తుంది. రింగును గోడకు నొక్కేది దాని వెనుకకు చేరే మంట ఒత్తిడి, ఐడిల్‌లో ఆ ఒత్తిడి ఉండదు. బరువు పడకపోతే హోనింగ్ గీతల కొనలు రింగుకు తగ్గట్టుగా అరగకుండా మెరుగుపట్టి, ఆయిల్ తాగడం శాశ్వతమవుతుంది. అందుకే లీకులు లేవని చూసుకుని, ముల్లు సగానికి రాగానే రోడ్డెక్కించాను.

ఔటర్ రింగ్ రోడ్డు దీనికి అనువైనది కాదు, అక్కడ ఒకే వేగంతో గంటసేపు పోవాల్సి వస్తుంది. అల్వాల్, తూముకుంట మీదుగా శామీర్‌పేట వైపు వెళ్లే రాజీవ్ రహదారి తెల్లవారుజామున బాగుంటుంది. మూడో గేరులో సగం యాక్సిలరేటర్‌తో వేగం పెంచడం, కాలు తీసేసి ఇంజన్‌తోనే వేగం తగ్గనివ్వడం, మళ్లీ పెంచడం. కాలు తీసినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే వాక్యూమ్ ఆయిల్‌ను గోడమీదికి లాగి, అరిగి రాలిన పొడిని కడిగి దించుతుంది. ఇంటికి తెచ్చి పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టులు, టాపెట్లు మళ్లీ చూశాను. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చినప్పుడు ఆయిల్‌లో సన్నటి బూడిదరంగు మెరుపు ఉంది, అది ఎదురుచూసినదే. రెండోసారి మార్చినప్పుడు అది లేదు, డిప్‌స్టిక్‌కు పెట్రోల్ వాసనా లేదు.

వెయ్యి కిలోమీటర్లు దాటాక కంప్రెషన్ 178, 175, 180 చూపించింది. నీలిపొగ లేదు, రెండు ఆయిల్ మార్పుల మధ్య మట్టం కంటికి కనిపించేంతగా తగ్గలేదు. కాలుష్య పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ ఈ వయసు కార్లకున్న 3 శాతం హద్దుకు చాలా కింద వచ్చింది. టెంపరేచర్ ముల్లు బయలుదేరిన కొద్ది నిమిషాలకే సగం గీతకు వచ్చి అక్కడే నిలుస్తోంది. మొదట్లో మాస్టారికి అది బండి వేడెక్కుతున్నట్టే కనిపించి, "ఇదివరకు ఇంత పైకి రాదు బాబూ" అని ఫోన్ చేశారు. రేడియేటర్‌లో ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్‌తో సగంపాలు కలిపిన కూలెంట్ ఉంది, బోరు నీళ్లు పోయవద్దన్న మాట ఆయన ఇంట్లో పనివాళ్లకు కూడా చెప్పారు.

మిగిలిన లోపం ఒకటుంది. చలికాలం పొద్దున మొదటి కిలోమీటరులో రెండో గేరుకు దించితే లీవర్ కొంచెం ఆగి పడుతోంది. చప్పుడు లేదు, బిగువు మాత్రం ఉంది. మొద్దుబారిన కుక్కపళ్లున్న గేరునూ స్లీవునూ అలాగే ఉంచినందుకు అది రావచ్చని ముందే చెప్పాను, ఆ రెండూ మార్చే ఖర్చుతో పోలిస్తే ఇది భరించదగినదేనన్నారు మాస్టారు. బ్లాకు చివరి సైజులో ఉంది కనుక ఏడాదికొకసారి కంప్రెషన్ కొలిచి మూడు అంకెలూ సర్వీసు పుస్తకంలో రాస్తున్నాను. ఒక సిలిండర్ మిగిలిన రెంటికంటే 15 పీఎస్ఐకి మించి వెనుకబడితే, మొదట చూడాల్సింది చోక్ రేకు, థర్మోస్టాట్. ఆ రెండూ బాగున్నాయని తేలాకే హెడ్ విప్పాలని ఆ పేజీలోనే రాసి పెట్టాను.